పాత రగ్గుతో పులితోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ల కిందట మా అబ్బాయి బడి నాటకంలో విశ్వామిత్రుడి వేషం వేశాడు. జటలూ గడ్డమూ అద్దెకు దొరికాయి కానీ, మహర్షి కూర్చోవడానికి జింకచర్మం దొరకలేదు. అటక మీద పడి ఉన్న పాత రగ్గును కత్తిరించి రాత్రికి రాత్రి ఒకటి తయారు చేశాను. దూరం నుంచి చూసినవారు నమ్మారు, దగ్గరికి వచ్చినవారు నవ్వారు. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదలతో మొదలుపెట్టిన పని ఇంకా ఆగలేదు. ఇప్పటికి రెండు పులులు, మూడు జింకలు, అరడజను ఆవులు చేశాను. వాటిని చూసిన బంధువులు, ఇరుగుపొరుగు, నాటకాలు వేయించే ఉపాధ్యాయులు అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను.

రగ్గు అంటే కప్పుకునేది కదా, నేల మీద పరచడమేమిటి?

నిజమే. మన ఇళ్లలో రగ్గు అంటే చలికాలం కప్పుకునే దళసరి దుప్పటి. కింద పరిచేది చాప, జంబుఖానా, తివాచీ. ఇక్కడ రగ్గు అన్న ప్రతిచోటా కప్పుకునే రగ్గు అనే అనుకోండి. దాన్ని కోసి, రంగు వేసి, నేల మీద పరిచే తోలుగా మార్చడమే మన పని. సోఫా ముందు, మంచం పక్కన, నాటకం అరుగు మీద, శివరాత్రికి వేసే శివుడి వేషంలో, ఎక్కడైనా వాడుకోవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు? అసలు తోలే కొనుక్కుంటే పోదా?

పులి, చిరుత, కృష్ణజింకల తోళ్లు కొనడం, అమ్మడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ మూడూ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ కోవలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడుతుంది. 2022 సవరణ తరువాత జరిమానా కనీసం 25,000 రూపాయలు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. మన రెండు రాష్ట్రాల చిహ్నాలనే కోసి పరుచుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది?

ఆవు తోలు సంగతి వేరు. పడమటి దేశాల ఇళ్లలో సోఫా ముందు పరిచే ఆవు తోళ్లు అక్కడ అంగళ్లలోనే దొరుకుతాయి, ధర మాత్రం వేలల్లో ఉంటుంది. వాటిలో చాలా వరకు బ్రెజిల్ నుంచి వెళతాయి. అక్కడి మందల్లో ఎక్కువగా కనిపించే జాతి పేరు నెలోర్. మన నెల్లూరు పేరే అది. ఒంగోలు జాతి పశువులే సముద్రం దాటి అక్కడ ఆ పేరుతో స్థిరపడ్డాయి. అమెరికాలో మా బంధువుల ఇంట్లో తెల్లటి ఆవు తోలు చూసినప్పుడు, ఇది ఏ ప్రకాశం జిల్లా ఆబోతుకు మునిమనవడో అనిపించి దాని మీద కాలు పెట్టబుద్ధి కాలేదు.

మా తాతగారు జపం చేసుకున్న జింకచర్మం ఇంట్లో ఉంది. దాన్ని ఏం చేయాలి?

అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, ఫొటో తీసి నలుగురికీ పంపకండి. ఇలాంటి పాత వస్తువులను ప్రకటించుకోవడానికి 2003లో కేంద్రం 180 రోజుల గడువు ఇచ్చింది. అప్పుడు ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం తీసుకున్న కుటుంబాలకు చిక్కు లేదు. వారసత్వంగా చేతికి వస్తే ఆ సంగతిని అటవీ శాఖకు తెలపాలి. పత్రం ఉండీ వస్తువు వద్దనుకుంటే ఆ శాఖకే అప్పగించవచ్చు, పరిహారం మాత్రం రాదు. పత్రమే లేకపోతే ముందు ఒక న్యాయవాదితో మాట్లాడి, ఆ తరువాత అటవీ శాఖ కార్యాలయానికి వెళ్లండి.

రగ్గుతో చేసిన పులితోలు ఇంట్లో ఉంటే కేసు పెడతారా?

గుడ్డకు చట్టం లేదు. కానీ నాటకానికి తీసుకెళ్లేటప్పుడు కారు వెనక సీటులో పరిచి వెళ్లకండి. నేనోసారి అలా వెళ్లి, తనిఖీ కేంద్రం దగ్గర దాన్ని తిరగేసి అడుగున కుట్టిన గోనెపట్టా చూపించే దాకా కదలలేకపోయాను. అవమానంగా అనిపించాలి కానీ, నిజం చెబుతున్నాను, గర్వంగా అనిపించింది.

ఎంత ఖర్చవుతుంది?

ఇంట్లో పాత రగ్గు ఉంటే రంగులు, జిగురు, అడుగు గుడ్డ కలిపి నాకు ఏనాడూ ఐదు వందలు దాటలేదు. కొత్త బొచ్చు గుడ్డ కొంటే అంతకు రెండు మూడింతలు. అన్నిటికంటే చవక గాడా గుడ్డ మీద రంగు వేసేది. దాని గొప్ప కింద చెబుతాను.

ఏ గుడ్డ మంచిది?

నేను మూడు రకాలు వాడాను.

మొదటిది మింక్ రగ్గు. శుభకార్యాలలో కానుకగా వచ్చి, సగం ఇళ్లలో ప్లాస్టిక్ సంచి కూడా విప్పకుండా అటకెక్కే ఆ బరువైన, నున్నటి రగ్గులే. కొన్నిటి మీద పెద్ద పులి బొమ్మ కూడా ఉంటుంది. పని తేలికైందనుకుని ఆ బొమ్మను కోసి పరచకండి. అది పులి బొమ్మ ఉన్న రగ్గు అవుతుంది తప్ప పులితోలు కాదు. ఎందుకో చారల దగ్గర చెబుతాను. రగ్గును తిరగేసి చూడండి. వెనక వైపు రంగు వెలిసినట్టుగా, కాస్త మొరటుగా ఉంటుంది. జింకకూ ఆవుకూ ఆ వైపే బాగుంటుంది, ఎందుకంటే రగ్గు ముందు వైపు మెరిసినంతగా అసలు జంతువు ఎప్పుడూ మెరవదు.

రెండోది బొచ్చు గుడ్డ. మెత్తటి బొమ్మలు చేసేవారు వాడేది, మీటరు లెక్కన అమ్ముతారు. కొనేటప్పుడు బొచ్చు పొడవు చూడండి. ఆవుకు, జింకకు అర అంగుళం లోపు ఉండాలి. అంగుళం దాటితే అది గొర్రె అవుతుంది, లేదా కుక్కపిల్ల అవుతుంది. మొదటిసారి మెత్తగా ఉందని రెండంగుళాల బొచ్చు కొని ఆవు చేశాను. ఇంటికి వచ్చినవారందరూ ఎలుగుబంటి అన్నారు. చివరికి నాటకంలో దాన్ని జాంబవంతుడికి ఇచ్చేశాం.

మూడోది గాడా గుడ్డ, లేదా దళసరి కాన్వాసు. దీనికి బొచ్చే ఉండదు. అందుకే అందరూ తీసిపారేస్తారు. నాకు మాత్రం ఇదే ఇష్టం. బొచ్చు గుడ్డ మీ తప్పులన్నీ దాస్తుంది కానీ మీ పనితనాన్నీ దాస్తుంది. గాడా గుడ్డ మీద ఒక్కో వెంట్రుకా మీరే గీయాలి. చీపురుతో ఊడవవచ్చు, దుమ్ము పట్టదు, ఎండాకాలం కాలికి వేడి తగలదు. మన వాతావరణానికి సరిపోయేది ఇదే. కొన్నాక ముందు ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. కోరా నూలు గుడ్డ తడిస్తే కుదించుకుపోతుంది. రంగు వేశాక కుదించుకుపోతే మీ ఆవు దూడవుతుంది.

గొంగడి వాడవచ్చా అని ఒకరు అడిగారు. నల్లగొర్రె బొచ్చు వడికి, చేత్తో నేసిన గొంగడికి కత్తెర పెట్టడం నాకు మనస్కరించదు. దాన్ని దానిలాగే పరుచుకోండి, ఎంతో అందంగా ఉంటుంది.

ఇవి ఎక్కడ దొరుకుతాయి?

సికింద్రాబాద్ జనరల్ బజారులాంటి గుడ్డల వీధుల్లో వెతకండి. చిన్న ఊళ్లలో అయితే సోఫా కవర్లు కుట్టేవారిని అడగండి. వారి దగ్గర మిగిలిన ముక్కలు చవకగా వస్తాయి, అడుగున వేసే గుడ్డ, జిగురు కూడా అక్కడే దొరుకుతాయి. గాడా గుడ్డ ఏ బట్టల కొట్టులోనైనా ఉంటుంది.

ఆకారం కుదరడం లేదు. నాది తాబేలులా వచ్చింది.

అందరిదీ మొదట తాబేలే. కారణం ఒక్కటే. మనం జంతువును పక్క నుంచి చూసిన బొమ్మ మనసులో పెట్టుకుని గీస్తాం. తోలు అలా ఉండదు. చర్మం ఒలిచేవారు పొట్ట మధ్యన నిలువునా, కాళ్ల లోపలి వైపున కోసి విప్పుతారు. విప్పి పరిస్తే వెన్నెముక సరిగ్గా మధ్యకు వస్తుంది, పొట్ట రెండుగా చీలి రెండు అంచులకూ పోతుంది. తోలు అంటే విప్పి పరిచిన జంతువు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే ఆకారం, రంగు, చారలు అన్నీ వాటంతట అవే కుదురుతాయి. ఇది తెలియకే ఆ రోజు నా జింకచర్మాన్ని చూసి నవ్వారు. పొట్ట తెలుపును మధ్యలో వేశాను మరి.

గుడ్డ మీద నేరుగా గీయకండి. పాత దినపత్రికల కాగితాలు అతికించి ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెద్ద కాగితం చేసుకోండి. నిలువుగా సగానికి మడవండి. మడత అంటే వెన్నెముక. ఇప్పుడు సగం మాత్రమే గీస్తాం. పొడవు కొలతలు కాగితం పై అంచు నుంచి, వెడల్పు కొలతలన్నీ మడత నుంచే.

పై నుంచి ఎనిమిది అంగుళాల దాకా మెడ, సగం వెడల్పు ఆరంగుళాలు. ఆ కింద ఎనిమిది అంగుళాల మేర ముందరి కాలు బయటికి సాగుతుంది, మడత నుంచి ఇరవై నాలుగు అంగుళాల దాకా. కాలి చివర గుండ్రంగా కాకుండా మొద్దుగా, కాస్త వంకరగా తెగినట్టు ఉండాలి. తరువాత పక్కటెముకల భాగం, మడత నుంచి పద్దెనిమిది అంగుళాల వెడల్పుతో మొదలై పొట్ట దగ్గర ఇరవై దాకా ఉబ్బి, తొడకు ముందు మళ్లీ లోపలికి వస్తుంది. ఈ లోపలి వంపు చాలా ముఖ్యం, అదే లేకపోతే తాబేలు. పై నుంచి నలభై నాలుగో అంగుళం దగ్గర వెనక కాలు మొదలవుతుంది. ముందరి కాలి కంటే వెడల్పుగా, తోక వైపు వాలి ఉంటుంది. చివరి నాలుగైదు అంగుళాలు తోక. పొడవైన తోక కావాలంటే విడిగా కుట్టండి.

కత్తిరించి మడత విప్పితే రెండు వైపులా ముగ్గు వేసినట్టు సమానంగా వస్తుంది. అక్కడే ఆగకండి. అంత సమానమైన జంతువు లోకంలో లేదు. ఒక కాలిని అంగుళం పొట్టి చేయండి, ఒక పక్క పొట్ట అంచును కాస్త కొరికినట్టు కోయండి. చేయి వణికిన చోట దిద్దకుండా వదిలేయండి, అదే బాగుంటుంది.

బొచ్చు గుడ్డను కోస్తే ఇల్లంతా బొచ్చు ఎగురుతోంది. కత్తెర మార్చాలా?

కత్తెర మానేయండి. గుడ్డను బోర్లా వేసి, వెనక వైపు సుద్దముక్కతో గీసి, బ్లేడుతో అడుగు నేతను మాత్రమే కోయండి. బొచ్చు తెగకూడదు. కోశాక రెండు ముక్కలనూ మెల్లగా విడదీస్తే వెంట్రుకలు వాటంతట అవి విడిపోతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, మేడ మీదో వరండాలోనో చేయండి. ఫ్యాను ఆపండి. నేనొకసారి ఆపలేదు, వారం రోజులు పప్పులో కూడా పులి బొచ్చే.

బోర్లా వేసి గీస్తున్నారు కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి. అంచులను కావాలని వంకరగా కోసి ఉంటే కాగితాన్ని కూడా బోర్లా వేసుకోండి. ఇంకొకటి, బొచ్చు వాలు. గుడ్డను అరచేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. నున్నగా పడుకునే దిశ మెడ నుంచి తోకకు ఉండాలి. ఇది మరిచిపోతే ఎంత బాగా రంగు వేసినా తోలు ఏదో బెదిరిన పిల్లిలా కనిపిస్తుంది. ముక్కలు అతకాల్సి వస్తే అన్నిటి వాలూ ఒకటే అయి ఉండాలి.

చారలు, మచ్చలు ఎలా వేయాలి?

విప్పి పరిచిన జంతువు అన్న మాటను మళ్లీ గుర్తు చేసుకోండి.

పులి: చారలు వెన్నెముక నుంచి రెండు పక్కలకూ, అంటే మడత నుంచి అంచులకు పోతాయి. మెడ నుంచి తోకకు నిలువు గీతలు గీస్తే అది ఉడుత. వెన్ను దగ్గర చార లావుగా మొదలై, పక్కలకు పోయేకొద్దీ సన్నబడి, కొనదేలి, ఒక్కోచోట రెండుగా చీలి మళ్లీ కలిసి, మధ్యలో కాస్త సందు మిగులుతుంది. చారల మధ్య కనిపించే నేల రంగు పొట్ట అంచుల దగ్గర తెల్లబడుతుంది. తోకకు కడియాలు. రెండు పక్కల చారలూ ఒకేలా ఉండకూడదు. ఒక పులి చారలు మరో పులికి ఉండవు, ఒకే పులికి కుడి పక్క చారలు ఎడమ పక్క ఉండవు. నాగార్జునసాగర్ శ్రీశైలం, అమ్రాబాద్, కవ్వాల్ అడవుల్లో కెమెరాలు పెట్టి పులులను గుర్తుపట్టేది ఈ చారల తేడాతోనే. అందుకే రగ్గు మీద అచ్చు వేసిన పులి బొమ్మ మనకు పనికిరాదన్నాను. అది పక్క నుంచి చూసిన పులి, దాని వెన్నెముక పై అంచున ఉంటుంది.

నేల రంగుకు సీసాల మీద ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా అని రాసి ఉండేవి కలపండి. నారింజ రంగు వాడకండి, పండుగ తోరణంలా ఉంటుంది. చారలకు ఉత్త నలుపు వద్దు, కొంచెం ముదురు గోధుమ కలపండి.

చుక్కల జింక: ఎరుపు కలిసిన గోధుమ రంగు, వెన్ను వెంట మెడ నుంచి తోక దాకా ఒక ముదురు గీత, అంచుల్లో తెలుపు. తెల్లచుక్కలు ఇష్టం వచ్చినట్టు చల్లినట్టు ఉండవు. ముఖ్యంగా పొట్టకు దగ్గరగా వరుసలు కట్టి ఉంటాయి. చూపుడు వేలి కొనతో అద్దితే కుంచె కంటే బాగా వస్తాయి.

కృష్ణజింక: మునులకు కావలసింది ఇదే, కృష్ణాజినం. అందరిలోకీ తేలికైనది. మగ జింకకు పైభాగమంతా నలుపుకు దగ్గరి గోధుమ, పొట్ట స్వచ్ఛమైన తెలుపు. అంటే మధ్యలో నలుపు, అంచులు తెలుపు. రెండూ కలిసే చోట గీత గీసినట్టు ఉండకుండా చిన్న చిన్న వెంట్రుకలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవాలి. నాటకం రేపనగా ఈ రోజు అడిగితే ఇదే చేసిస్తాను.

చిరుత: చాలా మంది నల్లచుక్కలు పెట్టి వదిలేస్తారు. అవి మెడ, కాళ్ల దగ్గర మాత్రమే చుక్కలు. వీపు మీద పక్కల మీద విరిగిన గాజు ముక్కలను గుండ్రంగా పేర్చినట్టు ఉంటాయి, మధ్యలో నేల రంగు కాస్త ముదురు. నాకు ఓపిక లేక ఇంతవరకు చేయలేదు.

ఆవు: అన్నిటికంటే కష్టం, తేలిక అనిపించడమే అందుకు కారణం. మచ్చలు గుండ్రంగా వేస్తే బొమ్మల పుస్తకంలో ఆవు అవుతుంది. పెద్ద మచ్చలు రెండు మూడు చాలు, అవి అంచు దాటి పోయినట్టు ఉండాలి. వాటి అంచులు పదునుగా కాకుండా వెంట్రుక వాలులో చీలి ఉండాలి. ఒంగోలు గిత్త కావాలంటే తెల్లగుడ్డ పరిస్తే సరిపోతుందని మా వారు వెక్కిరించారు. అంత తేలిక కాదు. గిత్తకు మెడ, మూపురం దగ్గర బూడిద రంగు పడుతుంది. నీళ్లు ఎక్కువ కలిపిన బూడిద రంగును మెడ నుంచి పల్చగా దింపాలి. అది కుదిరిన రోజు ఆ వెక్కిరించినవారే కాళ్లు కడుక్కుని వచ్చి దాని మీద కూర్చున్నారు.

ఏ జంతువైనా కుంచె కదలిక వెంట్రుక కదలికే కావాలి: మెడ నుంచి తోకకు, వెన్ను నుంచి అంచుకు ఏటవాలుగా. అడ్డంగా రుద్దితే గోడకు సున్నం వేసినట్టే.

ఏ రంగులు వాడాలి? తలకు వేసుకునే రంగు పట్టదా?

పట్టదు. నేను రెండు పొట్లాలు వృథా చేసి చెబుతున్నాను. తలరంగు అసలు వెంట్రుకకు పట్టేది. రగ్గూ బొచ్చు గుడ్డా పాలిస్టరో ఆక్రిలిక్కో అయి ఉంటాయి. నూలు బట్టలకు వేసే అద్దకం రంగులు కూడా వీటి మీద నిలవవు, మొదటి ఉతుకులోనే పోతాయి. వాటికి ఆక్రిలిక్ ఫ్యాబ్రిక్ పెయింట్ ఒక్కటే దారి. గాడా గుడ్డకూ అదే మంచిది. సీసా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, గాడా గుడ్డనైతే వెనక వైపు నుంచి ఇస్త్రీ చేయండి, రంగు నిలుస్తుంది. రగ్గుకూ బొచ్చు గుడ్డకూ ఇస్త్రీ పెట్టెను దూరంగా ఉంచండి, కరిగి అంటుకుపోతుంది.

రంగు వేసిన చోట బొచ్చు అట్టకట్టింది. ఏం చేయాలి?

రంగు ఎక్కువైంది. కుంచెను ముంచాక పాత కాగితం మీద తుడిచి, దాదాపు ఎండిన కుంచెతో కొసలకు మాత్రమే అద్దండి. ఒక జానెడు మేర వేయగానే పాత దువ్వెనతో వాలు దిశలో దువ్వండి. ఐదు నిమిషాలకోసారి మళ్లీ దువ్వండి, ఆరేదాకా. ఇప్పటికే అట్టకట్టి ఉంటే పళ్లు తోమే బ్రష్షుతో మెల్లగా విడదీయండి. విడిపోనిది కత్తెరతో కొస కత్తిరించండి. అక్కడ ఆవును దోమలు కుట్టాయని సరిపెట్టుకోండి.

తల పెట్టాలా?

వద్దు. గుడ్డ కుక్కి చేసిన పులి తల పిల్లల ఆటబొమ్మలా ఉండి, మిగతా తోలు తెచ్చిన నమ్మకాన్ని చెడగొడుతుంది. పైగా చీకట్లో కాలికి తగులుతుంది.

టైల్స్ మీద జారుతోంది. అడుగున ఏం వేయాలి?

ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. ఇంట్లో పెద్దవారు ఉంటే ఇది అందం సంగతి కాదు, తుంటి ఎముక సంగతి. గోనెపట్టా కుడితే తోలుకు బరువు వస్తుంది, అంచులు పైకి లేవవు, కానీ నున్నటి గ్రానైటు మీద జారడం పూర్తిగా ఆగదు. తివాచీల కింద వేసే జాలీ రబ్బరు చాప కొని, తోలు కంటే రెండంగుళాలు లోపలికి ఉండేలా అదే ఆకారంలో కోసి కింద వేయండి. అదీ వద్దంటే కిటికీ సందులు మూసే సిలికాన్ గొట్టంతో అడుగున జానెడు దూరానికి ఒకటి చొప్పున శనగగింజంత చుక్కలు పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. కాళ్ల చివర్లలో తప్పక పెట్టాలి, ముందుగా మడతపడి కాలికి తగిలేది అవే.

అడుగు గుడ్డను అతికించడానికి తెల్ల జిగురు వాడకండి, తడిస్తే ఊడిపోతుంది. సోఫాలు చేసేవారు వాడే రబ్బరు జిగురు గట్టిది. దాని వాసన తలకెక్కుతుంది కాబట్టి గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా వాడండి.

కుట్టుమిషను లేదు. చేయవచ్చా?

చేయవచ్చు. బొచ్చు గుడ్డ అడుగు అల్లికలాంటిది, నేసిన గుడ్డలా పోగులు ఊడదు. అంచు వెంట వెనక వైపు పల్చగా జిగురు రాస్తే చాలు. గాడా గుడ్డ మాత్రం పోగులు ఊడుతుంది. కోయబోయే గీత వెంట నీళ్లు కలిపిన తెల్ల జిగురు రాసి, ఆరాక కోయండి. ఆ తరువాత అర అంగుళం లోపలికి మడిచి చేత్తో హెమ్మింగ్ చేసుకోండి. మలుపుల దగ్గర చిన్న చిన్న గాట్లు పెడితే మడత ముడతలు పడదు.

ఎన్ని రోజుల పని?

కృష్ణజింక ఒక సాయంత్రం, ఆవు రెండు రోజులు. పులికి వారం పట్టింది, అందులో నాలుగు రోజులు చూస్తూ కూర్చోవడమే.

ఉతకవచ్చా?

మిషనులో వేయకండి. దులిపి, ఎండలో కాకుండా నీడలో గాలికి వేస్తే చాలా రోజులు నడుస్తుంది. మరక పడితే చన్నీళ్లలో కొద్దిగా షాంపూ కలిపి, గుడ్డతో వాలు దిశలో తుడవండి. పూర్తిగా తడపాల్సి వస్తే పిండకుండా నీళ్లు కారిపోయే దాకా గోడ మీద వేసి, కాస్త తడి ఉండగానే దువ్వండి. గోనెపట్టా కుట్టి ఉంటే అది ఆరడానికి రెండు రోజులు పడుతుంది, వానాకాలంలో అయితే ఆరదు, ముక్కిపోతుంది. కాబట్టి ఆ నాలుగు నెలలూ చుట్టచుట్టి పైన పెట్టడం మంచిది. మడత పెట్టకండి, రంగు వేసిన చోట గీత పడుతుంది. లోపల నాలుగు వేపాకులు వేస్తే చాలు.

పూజగదిలో ఆసనంగా వాడవచ్చా?

జపానికి చర్మం బదులు గుడ్డ పనికివస్తుందా అన్నది మీ ఇంటి పెద్దలను అడగాల్సిన ప్రశ్న. నాకు తెలిసింది ఒక్కటే, రగ్గూ బొచ్చు గుడ్డా నిప్పు తగిలితే భగ్గుమంటాయి, కరిగి చర్మానికి అంటుకుంటాయి. దీపం, కర్పూరం, అగరువత్తి ఉన్న గదిలో అవి వద్దే వద్దు. ఆసనమే కావాలంటే మందపాటి నూలు గుడ్డతో కృష్ణాజినం చేసుకుని, దీపానికి మూరెడు దూరం జరిగి కూర్చోండి. నాటకంలో హోమగుండం నిజమైనదైతే అక్కడా ఇదే మాట.

పాకే పసిపిల్లలు ఉన్నారు.

బొచ్చు గుడ్డ మానేయండి. ఊడిన బొచ్చు నోట్లోకి పోతుంది. గాడా గుడ్డ ఆవు చేసి, జిగురు వాసన పూర్తిగా పోయాక పరచండి.

ఇది ప్లాస్టిక్కే కదా? పులిని కాపాడి భూమిని పాడుచేయడం కాదా?

సూటి ప్రశ్న. పాలిస్టరు, ఆక్రిలిక్ ప్లాస్టిక్కులే, ఉతికిన ప్రతిసారీ కంటికి కనబడని పోగులు నీళ్లలో కలుస్తాయి. అందుకే కొత్త బొచ్చు గుడ్డ కొనమని నేనెవరికీ గట్టిగా చెప్పను. అటక మీద ఉన్న రగ్గు ఎలాగూ తయారై ఉంది, దాన్ని పారేయడం కంటే పరచడం నయం. కొత్తగా కొనేటట్టయితే నూలు గుడ్డ కొనండి.

చేసి అమ్ముకోవచ్చా?

గుడ్డతో చేసినదని చెప్పి అమ్ముకోవచ్చు. నాటక సమాజాలు, బడులు, ఫొటో స్టూడియోల వారు అడుగుతారు. అసలుదని నమ్మించి అమ్మితే మాత్రం మోసం కేసు. కొనేవాడు పోలీసుల దగ్గరికి వెళ్లలేడులే అన్న ధైర్యంతో మామూలు తోళ్లకు చారలు దిద్ది పులితోలని అంటగట్టేవారు కూడా ఉన్నారు. మనది అలాంటి పని కాదని కొనేవారికి తెలియాలి కనుక నేను ప్రతి దానికీ అడుగున ఒక మూల, ఏ ఇంటి రగ్గుతో చేశానో, ఏ సంవత్సరం చేశానో చెరగని సిరాతో రాస్తాను.

మా ఇంట్లో కుక్క ఉంది. దీన్ని చూస్తే ఏం చేస్తుంది?

మొదటి రోజు మొరుగుతుంది. రెండో రోజు చుట్టూ తిరిగి వాసన చూస్తుంది. మూడో రోజు నుంచి దాని మీద మీకు చోటు దొరకదు.